పైసలు తెలుగు మాట కాదా?

ఓరుగల్లు_రైతుబిడ్డ: మా అమ్మాయి పరీక్షలో "నాన్న పైసలు ఇచ్చిండు" అని రాసింది. టీచర్ ఎర్ర ఇంకుతో కొట్టేసి "డబ్బులు ఇచ్చారు" అని దిద్దారు, మార్కు తీసేశారు. హన్మకొండలో ఏ ఇంట్లోనైనా పైసలే అంటాం. అది తప్పెలా అయింది?

కాజీపేట_జంక్షన్: టీచర్ చేసింది సరైన పనే. పైసా హిందీ నుంచి వచ్చింది. మాట్లాడేటప్పుడు ఏదన్నా పర్వాలేదు. రాసేటప్పుడు మన తెలుగు మాట డబ్బు ఉంది కదా?

ఓరుగల్లు_రైతుబిడ్డ: డబ్బు కూడా ఒక నాణెం పేరే అన్నా. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసు వైపు 20 కాసుల రాగి నాణేన్ని డబ్బు అనేవాళ్లు. నాణెం పోయింది, పేరు మొత్తం సొమ్ముకు నిలిచింది. పైసాదీ అదే దారి. అది మాత్రం ఎందుకు తప్పయింది?

భద్రకాళి_గట్టు: కాకతీయుల శాసనాల్లో గద్యాణం, మాడ, రూక అనే నాణేల పేర్లు ఉన్నాయి. ఓరుగల్లు మాట కావాలంటే రూక అనండి.

కాజీపేట_జంక్షన్: డబ్బు తెలుగువాళ్ల నోట పెరిగిన మాట. ఇక రూపాయికి వంద పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు నిజాం సొంత రూపాయి హాలీ సిక్కాలో అణాకు (రూపాయిలో పదహారో వంతు) 12 పైలు. పైలు వేరు, పైసలు వేరు. కాబట్టి ఇది ఈమధ్య వచ్చిన మాటే.

ఓరుగల్లు_రైతుబిడ్డ: 1957లో వచ్చినదాన్ని "నయా పైసా" అన్నారు. పాత పైసా ఉంటేనే కదా కొత్తదానికి నయా అని పేరు పెట్టేది! బ్రిటిష్ లెక్కలో అణాకు నాలుగు పైసలు. 1964లో నయా అనడం మానేశారు. పైసా మూలం సంస్కృత "పాదం", అంటే నాలుగో వంతు, అని నిఘంటువులు చెబుతాయి. "ధనం" కూడా సంస్కృతం నుంచి వచ్చిందే, అది రాస్తే టీచర్ కొట్టేసేవారా?

భద్రకాళి_గట్టు: రూక గురించి ఒక్కరూ మాట్లాడరేం?

ములుగురోడ్డు: చారాన (నాలుగణాల) కోడికి బారాన (పన్నెండణాల) మసాలా అని మా నానమ్మ అంటుంది. దాన్నీ దిద్దుతారా?

కాజీపేట_జంక్షన్: సామెత వేరు, పరీక్ష వేరు. పిల్లలకు ప్రామాణిక భాష రావాలి. లేకపోతే రేపు ఇంటర్వ్యూల్లో వాళ్లకే కష్టం.

ఓరుగల్లు_రైతుబిడ్డ: ప్రామాణికం ఎవరిది? ఇంటర్‌లో హాస్టల్లో "పైసల్ లెవ్వు" అన్నందుకు గది మొత్తం నవ్వింది. చాలా రోజులు నోరు విప్పలేదు. ఇప్పుడు నా బిడ్డ కూడా ఇంట్లో మాట్లాడే ముందు ఆగి ఆలోచిస్తోంది. మీకు ఆ సంగతి పట్టదు.

కాజీపేట_జంక్షన్: పట్టదని ఎలా అంటారు? మా తాత గుంటూరు నుంచి వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదివాను. "అడ్వాన్స్ డబ్బులు ఎంత" అని అడిగినందుకు ఒక ఇంటాయన "ఆంధ్రోళ్లకు ఇవ్వం" అని తలుపేశాడు. మీరు పైసలు మాత్రమే ఇక్కడి మాట అంటుంటే, మళ్లీ ఆ తలుపే గుర్తొస్తుంది. నా మాట పరాయిదైతే నేనూ పరాయివాణ్నే కదా?

ఓరుగల్లు_రైతుబిడ్డ: ఆ ఇంటాయన చేసింది తప్పు. నేను డబ్బును కొట్టేయమనలేదు. మీరు డబ్బులు అని రాస్తే ఎవరూ మార్కు తీయరు, మా పిల్ల పైసలు అని రాస్తే తీస్తారు. నేను అడిగేది ఆ మార్కు గురించే.

కాజీపేట_జంక్షన్: మార్కు ఇవ్వమనే నేనూ అంటాను. పాఠ్యపుస్తకంలో డబ్బు ఉండకూడదంటే మాత్రం ఒప్పుకోను.

ఓరుగల్లు_రైతుబిడ్డ: రెండూ ఉండాలి. సోమవారం బడికి వెళ్లి టీచర్‌తో అదే చెబుతాను.