బట్ట మీద డిజిటల్ ప్రింటుకు రిపీట్ పని (డిజైన్‌ను పక్కపక్కనే పరచడం) ఎక్కడ చేయాలి: ఫొటోషాప్‌లోనా, రిప్‌లోనా (ఫైల్‌ను ప్రింటర్ చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్)?

అచ్చుబల్ల: లెక్కకు 64×64 సెం.మీ. డిజైన్, హాఫ్ డ్రాప్ (పక్క వరస సగం ఎత్తు కిందికి జారే రిపీట్), 1.5 మీటర్ల పన్నాలో 10 మీటర్ల బట్ట అనుకుందాం. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), నాలుగు ఇంకు రంగుల సీఎంవైకేలో ఒక్క టైల్ (డిజైన్ ఒక కాపీ) 229 ఎంబీ. అదే ఫొటోషాప్‌లో మొత్తం పరిచేస్తే 8.4 జీబీ. మామూలు టిఫ్ ఫైల్ 4 జీబీ దాటదు, ముక్కలు చేయక తప్పదు. టైల్‌ను ఒక్కసారి రిప్ చేసి, వచ్చిన చుక్కలనే కాపీ కొడుతూ పోవడమే వేగం.

చుక్కగీత: ఆ చివరి మాట దగ్గరే పేచీ అండీ. చుక్కలు పెట్టే ఎర్రర్ డిఫ్యూజన్ పద్ధతిలో ప్రతి పిక్సెల్, అసలు రంగుకూ పెట్టిన చుక్కకూ ఉన్న తేడాను పక్కకీ కిందికీ నెడుతుంది. టైల్ అంచు రాగానే ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. లేత బూడిద, క్రీమ్ నేపథ్యం మీద 64 సెం.మీ.కొక సన్నని గీత తేలుతుంది. డిజైన్ ఫైల్లో ఎంత వెతికినా దొరకదు, అతుకు ఉన్నది చుక్కల్లో.

అచ్చుబల్ల: అయితే మాస్క్ డిథర్ (ఒకే చదరపు నమూనాను పదేపదే వాడి చుక్కలు పెట్టే పద్ధతి) పెట్టండి. మాస్క్ 256×256 అయితే టైల్ కొలత 256కు గుణిజం కావాలి, అంతే.

చుక్కగీత: అంతే కాదు. 600 డీపీఐ ప్రింటులో 64 సెం.మీ. అంటే 15,118 పిక్సెళ్లు. దగ్గరి గుణిజం 15,104, అంటే 63.94 సెం.మీ. 0.6 మిల్లీమీటరు పోతే పోనీ. హాఫ్ డ్రాప్‌లో సగం 7,552 కదా, అది 256కు గుణిజం కాదు. మాస్క్ అక్కడ విరుగుతుంది.

పన్నాకొలత: రెండు నిలువు వరసలు కలిపి ఒకే టైల్ చేస్తే హాఫ్ డ్రాప్ కాస్తా నేరు రిపీట్ అవుతుంది, ఆ చిక్కు పోతుంది. ఫైలు రెట్టింపే కదా. కానీ ఇద్దరూ పనిని ఒకే ముద్దగా చూస్తున్నారు. లేయర్ల ఫ్లాటెనింగ్ (ఒకటిగా కలపడం), రీశాంప్లింగ్ (పిక్సెళ్ల సంఖ్య మార్చడం), ఐసీసీ (రంగుల ప్రొఫైల్) మార్పిడి ప్రతి కాపీకీ ఒకటే. అవి టైల్ మీద ఒక్కసారి చేసి కాష్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉంచాలి. స్క్రీనింగ్ (రంగును చుక్కలుగా మార్చడం) మాత్రం పరిచాక, బట్ట పొడవునా ఆగకుండా నడవాలి.

ఇంకోటి: 300 డీపీఐలో 64 సెం.మీ. 7,559 పిక్సెళ్లు, బేసి సంఖ్య. సగం జారిస్తే అర పిక్సెల్ మిగిలి, జోడింపులో తెల్ల గీతో మెట్టో పడుతుంది. ముందే రెండు వైపులా 7,560కి మార్చండి (64.008 సెం.మీ.). తర్వాత ఫొటోషాప్ ఆఫ్‌సెట్ ఫిల్టర్‌లో 3,780 ఇచ్చి, ర్యాప్ అరౌండ్ (అంచు దాటింది అవతలి వైపు నుంచి రావడం) పెట్టి, 100% జూమ్‌లో అతుకు చూడండి.

అచ్చుబల్ల: స్క్రీనింగ్ వెనకబడి డేటా అందకపోతే క్యారేజ్ (ప్రింట్ హెడ్‌ను మోసే భాగం) ఆగుతుంది. ఆగిన చోట ఇంకు ఆరే తీరు మారి అడ్డపట్టీ పడుతుంది. దానికేం చేస్తారు?

పన్నాకొలత: ప్రింటుతో పాటే నడపకండి, ముందుగా డిస్క్‌కు రాయించండి. నాలుగు రంగులు, రంగుకు 2 బిట్లు, 600 డీపీఐ: మీటరు బట్టకు 840 ఎంబీ. ఎన్‌వీఎంఈ డిస్క్‌కు (వేగమైన ఎస్‌ఎస్‌డీకి) అది బరువే కాదు.