కంటిని మోసం చేస్తే బొమ్మ గొప్పదైపోతుందా? కొత్తపేట తలుపు బొమ్మ మీద చర్చ

కాలవగట్టు:
కొత్తపేట వైపు ఒక టిఫిన్ హోటల్లో, చేతులు కడుక్కునే చోటికి ఎదురుగా గోడకి ఒక పాత తలుపు రెక్క కనిపిస్తుంది. ఆకుపచ్చ పెయింటు, అక్కడక్కడా పెచ్చులూడింది. తలుపుకి ఒక మేకు, మేకుకి తాళంచెవి. కింద అడ్డంగా బిగించిన నాడా. ఆ నాడాలో దోపిన కరెంటు బిల్లు, పెళ్ళి శుభలేఖ, మడత పడ్డ పది రూపాయల నోటు, ఒక కాలు విరిగిన కళ్ళజోడు. అసలక్కడ తలుపూ లేదు, మేకూ లేదు, నోటూ లేదు. మొత్తం ప్లైవుడ్ మీద ఎనామిల్ పెయింటు.

వేసినాయన ఒకప్పుడు దుకాణాలకి బోర్డులు రాసేవారు. ఫ్లెక్సులు వచ్చాక ఆ పని పోయింది. ఏ కాలేజీలోనూ బొమ్మలు నేర్చుకోలేదు. పేరు పెట్టొద్దన్నారు, పెట్టను.

ఈ మధ్య ఒక చిత్రకళ పోటీకి దీన్ని పంపితే మొదటి వడపోతలోనే పక్కన పెట్టేశారు. చెప్పిన కారణం: నైపుణ్యం ఉంది, సృజన లేదు, ఉన్నది ఉన్నట్టు దించారు. పోటీ ఎవరిదో మనకి అనవసరం. నేనడిగేది ఒకటే. ఇలా దించడం కళ కిందికి రాదా? మీరేమంటారు?

ఎదురీత:
నేను జడ్జీల పక్షం. ఆ బొమ్మ చూశాను కూడా. నోటు తీయబోయి నవ్వుకున్నాను, ఒప్పుకుంటా. ఆ తర్వాత ఏముంది? కనికట్టు ఒక్కసారే పనిచేస్తుంది. మయసభలో దుర్యోధనుడు మడుగులో పడింది ఒక్కసారే, మర్నాడు పిలిస్తే చూసుకునే నడిచేవాడు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్ళండి. ఆయన 28 ఏళ్ళయినా నిండకుండా 1925లో మశూచితో పోయాడు. వందేళ్ళ తర్వాత కూడా ఆ గీత దగ్గర కాళ్ళు ఆగిపోతాయి. అక్కడ ఎవరూ మనల్ని మోసం చెయ్యరు. ఎన్నిసార్లు వెళ్ళినా కొత్తగా ఏదో కనిపిస్తుంది. తలుపు బొమ్మకి రెండో చూపు ఉందా అన్నదే నా ప్రశ్న.

నర్సాపురం లేసు:
మా బుడ్డోడు ఆ నోటుని గోరుతో గీకాడండీ, హోటలాయన కౌంటర్ దగ్గర్నుంచి ఒకటే అరుపు! 😀 కానీ నేను ఫోన్లో తీసుకున్న ఫోటో మా ఆయనకి చూపిస్తే "తలుపు ఫోటో ఎందుకు తీశావు?" అన్నారు. ఫోటోలో అసలేమీ అనిపించలేదు.

డ్రాయింగు మాస్టారు:
లేసు గారు చెప్పినది చిన్న విషయం కాదు. దాని దగ్గరికి వస్తాను, ముందు "ఉన్నది ఉన్నట్టు" సంగతి.

వాకిట్లో మామిడిచెట్టుని ఎంత బాగా వేసినా ఎవరూ నిజం చెట్టనుకోరు. మనం రెండడుగులు పక్కకి జరిగితే నిజం చెట్టులో ముందు కొమ్మ జరిగినంత వెనక కొమ్మ జరగదు. బొమ్మలో రెండూ కలిసే ఉంటాయి. కన్ను అక్కడ పట్టేస్తుంది. అందుకే ఈ రకం బొమ్మలు వేసేవాళ్ళు లోతు లేని వస్తువులు ఏరుకుంటారు. కాగితం, నోటు, స్టాంపు, తలుపుకి ఆనుకుని వేలాడే తాళంచెవి. లోతు అంగుళం లోపే కాబట్టి ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా తేడా దొరకదు. మనిషినీ పిల్లినీ పెట్టరు, కదలకపోతే గుట్టు బయటపడుతుంది. వస్తువు అసలు సైజులోనే ఉండాలి. చట్రం అంచు దగ్గర ఏ వస్తువూ సగానికి తెగకూడదు. బ్రష్ జాడ కనబడకూడదు. ఎనామిల్ పెయింటుకి మెరుపు ఎక్కువ, మెరిస్తే కాగితం కాగితంలా ఉండదు. ఈయన టర్పెంటైన్ బాగా కలిపి ఆ మెరుపు చంపారని నా అంచనా. ఇంకొకటి: బొమ్మలో నీడలన్నీ కుడివైపుకి పడ్డాయి. హోటల్ కిటికీ ఎడమవైపు ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు. ఇన్నీ ఆలోచించి వేసినవాడికి సృజన లేదంటే, ఆ మాటకి వాళ్ళ అర్థం ఏమిటో మరి.

అమెరికాలో 1880ల్లో ఈ పద్ధతి బాగా నడిచింది. విలియం హార్నెట్ 1886లో వేసిన "పాత వయొలిన్" బొమ్మని సిన్సినాటి ప్రదర్శనలో పెడితే, జనం చెయ్యి పెట్టి చూడకుండా పోలీసుని కాపలా ఉంచారు. ఇప్పుడది వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆయనదే "వేట తర్వాత" అనే పెద్ద బొమ్మ న్యూయార్క్‌లో ఒక బార్‌లో వేలాడి పేరు తెచ్చుకుంది. కాబట్టి టిఫిన్ హోటల్లో ఉందని చిన్నచూపు అక్కర్లేదు. జాన్ హేబర్లీది ఇంకో కథ. 1889లో నోట్ల బొమ్మ వేస్తే, అది పెయింటింగే కాదు, నిజం నోట్లు అతికించాడని షికాగోలో ఒక విమర్శకుడు పత్రికలో రాసేశాడు. హేబర్లీ పనిగట్టుకుని షికాగో వెళ్ళి, భూతద్దంతో చూపించి, కొంచెం రంగు చెరిపించి నిరూపించుకోవాల్సి వచ్చింది.

బోర్డు బ్రష్:
నేనూ బోర్డులు రాసినవాణ్ణే, రావులపాలెం వైపు. "సొంతంగా నేర్చుకున్న ఆర్టిస్టు" అని అందరూ అంటుంటే నాకు కొంచెం చిరాకు. కాలేజీకి వెళ్ళకపోతే నేర్చుకున్నట్టు కాదా? మా రోజుల్లో ఒక ఆర్టిస్టు దగ్గర చేరితే ముందు బ్రష్షులు కడగాలి, డబ్బాలు మొయ్యాలి, గీతల కోసం సుద్ద దారం కొట్టాలి. అక్షరం లోపల రంగు నింపనిచ్చేసరికి చాలాకాలం పట్టేది. ఆ తర్వాతే నీడ. బోర్డు మీద అక్షరం పైకి లేచినట్టు కనిపించాలంటే కిందా పక్కనా నీడ కొట్టాలి. అది ఎంత మందం, ఎంత ముదురు, ఎక్కడ ఆపాలి అనేది చేతికి రావాలి. తలుపు బొమ్మలో తాళంచెవి పక్కన ఉన్న నీడ చూడండి, అంచు దగ్గర ముదురు, దూరం జరిగేకొద్దీ పల్చన. అది మా కిరాణా కొట్టు బోర్డు నీడే. ఇంకేమీ కాదు.

డ్రాయింగు మాస్టారు:
బ్రష్ గారు అన్నదానికి అమెరికాలోనూ సాక్ష్యం ఉంది. హార్నెట్ ముందు వెండి సామాన్ల మీద నగిషీ చెక్కేవాడు, రాత్రి బడుల్లో బొమ్మలు నేర్చుకున్నాడు. హేబర్లీ కూడా నగిషీ పనివాడే. జెఫర్సన్ చాఫంట్ రైలు పెట్టెలకి రంగులు వేసినవాడు. ఆయన నిజం స్టాంపు ఒకటి అతికించి, పక్కనే స్టాంపు బొమ్మ వేసి, ఏది ఏదో చెప్పమన్నాడు. అందరూ చేతిపని నుంచి వచ్చినవాళ్ళే.

ఎదురీత:
మాస్టారూ, అమెరికావాళ్ళ పేర్లు చెప్పి మనాయన్ని గద్దె ఎక్కించకండి. కష్టమైన పని అని నేనూ ఒప్పుకుంటాను. సర్కస్‌లో తీగ మీద నడవడమూ కష్టమే. నేనడిగింది రెండో చూపు. ఎవరు వేసినా తాళంచెవి తాళంచెవిలాగే ఉంటుంది. ఈయన వేస్తే ఒకటి, ఇంకొకరు వేస్తే ఇంకొకటి అని తేడా చూపించగలరా? మనిషి ముద్ర లేని చోట కళ ఏముంది?

డ్రాయింగు మాస్టారు:
ఆ తేడా మీదే ఒక పెద్ద గొడవ నడిచింది. హార్నెట్ 1892లో పోయాడు. అదే కాలంలో జాన్ పీటో అని ఇంకొకాయన. కొన్నాళ్ళు బొమ్మల అకాడమీకి వెళ్ళినా ఎక్కువ సొంతంగానే నేర్చుకున్నాడు. న్యూజెర్సీలో ఒక చిన్న ఊరు చేరి, నగరం ప్రదర్శనలకి దూరమైపోయి, 1907లో పోయాడు. ఆయన బొమ్మలు చాలావాటి మీద తర్వాత ఎవరో హార్నెట్ సంతకం దొంగతనంగా పెట్టి అమ్మేశారు. మ్యూజియాలు కూడా హార్నెట్‌వే అనుకుని కొన్నాయి. 1940ల్లో ఆల్‌ఫ్రెడ్ ఫ్రాంకెన్‌స్టీన్ అనే విమర్శకుడికి అనుమానం వచ్చింది. ఒకే సంతకం కింద రెండు రకాల చేతులు ఉన్నాయి. ఒకటి గట్టిగా, ప్రతి వస్తువూ తాకితే చల్లగా ఉంటుందేమో అన్నట్టు. రెండోది మెత్తగా, వెలుగు పొడిపొడిగా రాలినట్టు, వస్తువులన్నీ చిరిగినవీ విరిగినవీ. పీటో ఇంటికి వెళ్ళి చూస్తే ఆ బొమ్మల్లోని వస్తువులు అక్కడే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు దించడమే అయితే, ఆ రెండు చేతుల్ని ఎలా విడదీయగలిగారు, చెప్పండి?

ఎదురీత:
ఇది మంచి జవాబు. పీటో విషయంలో తగ్గుతాను. కానీ పీటో దగ్గర ఆ చిరిగిన వస్తువులకి ఒక కారణం ఉంది, మనకది అందుతుంది. తలుపు బొమ్మలో శుభలేఖ ఎందుకుంది? కరెంటు బిల్లు ఎందుకుంది? దొరికినవి పెట్టేశాడా, ఏరుకున్నాడా?

కాలవగట్టు:
ఇదే మాట ఆయన్ని అడిగాను. "నాకు వచ్చింది అక్షరాలండీ. అక్షరాలున్న వస్తువులే పెట్టుకున్నాను" అన్నారు. చూస్తే నిజమే. తాళంచెవి, కళ్ళజోడు తప్ప మిగతావన్నీ అక్షరాలే. బిల్లు మీద ప్రింటు అక్షరం, శుభలేఖ మీద వంపుల అక్షరం, నోటు మీద వరసగా అన్ని భాషలు. కళ్ళజోడు బిల్లు మీద పడిన చోట అద్దంలోంచి అంకెలు కొంచెం పెద్దగా కనిపిస్తాయి. ఎవరైనా గమనించారా?

ఇంకో సంగతి ముందే రాయాల్సింది. పోటీకి ఎంట్రీలు వాట్సాప్‌లో ఫోటోలుగా పంపమన్నారు. వాళ్ళెవరూ అసలు బొమ్మ చూడలేదు.

డ్రాయింగు మాస్టారు:
ఇంకేముంది! నేను మళ్ళీ వస్తానన్న విషయం ఇదే. ఫోన్లో అన్నీ ఫోటోలే. నిజం తలుపు ఫోటో, తలుపు బొమ్మ ఫోటో రెండూ ఒకేలా ఉంటాయి. ఈ బొమ్మ పనిచెయ్యాలంటే అసలు సైజు కావాలి, గోడ కావాలి, పక్కనుంచి వెలుగు రావాలి, చూసేవాడు నడుచుకుంటూ దగ్గరికి రావాలి. మిగతా రకాల బొమ్మలు ఫోటోలో సగమైనా మిగులుతాయి. దీనికి ఏమీ మిగలదు. జడ్జీలది దురుద్దేశం అనను. వాళ్ళు తలుపు ఫోటో చూసి తలుపు ఫోటోకి మార్కులు వేశారు.

కోర్టు బెంచీ:
మధ్యలో దూరుతున్నా. నోటు బొమ్మ జాగ్రత్తండోయ్. నోటుని పోలినది తయారుచేస్తే పాత ఐపీసీలో 489-ఇ సెక్షన్, వంద రూపాయల దాకా జరిమానా. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 182, మూడు వందల దాకా. పది రూపాయల నోటుకి మూడు వందలు! మాస్టారు చెప్పిన హార్నెట్‌ని కూడా 1886లో నోట్ల బొమ్మలు వేసినందుకు ప్రభుత్వం మనుషులు పట్టుకెళ్ళి హెచ్చరించి వదిలారని చదివాను. ఆ తర్వాత ఆయన డబ్బు జోలికి పోలేదట.

బోర్డు బ్రష్:
అయితే ఈసారి నోటు బదులు బస్సు టిక్కెట్టు వెయ్యమని చెప్తా. దాని మీదా బోలెడు అక్షరాలు.

ఎదురీత:
కళ్ళద్దంలోంచి అంకెలు పెద్దవయ్యాయన్నది నేను చూడలేదు. నోటు చూసి నవ్వేసి వచ్చేశాను. దానికోసం మళ్ళీ వెళ్తాను. ఫోటోలు చూసి తీసెయ్యడం తప్పే. అసలు బొమ్మ తెప్పించి చూడమని రాస్తే నేనూ సంతకం పెడతా. కానీ అసలు చూశాక కూడా దానికి ఫస్ట్ ప్రైజ్ ఇవ్వకపోతే అన్యాయం అనొద్దు. నా ఓటు ఇంకా దామెర్లకే.

కాలవగట్టు:
దామెర్ల ఈ పోటీలో లేరు కదండీ! ఉత్తరం ముసాయిదా రేపు ఇక్కడ పెడతాను. వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, పది దాటితే ట్యూబులైటు వేస్తారు, నీడలు కుదరవు.