ఒంట్లో తేడా అనిపిస్తే హార్మోన్లన్నీ రక్తపరీక్షలో చూపించుకోవాలా?

తెల్లవారుజాము

నా వయసు 38. మూడు నెలలుగా రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది, ఆ తర్వాత నిద్ర పట్టదు. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. నెలసరి ఒకసారి 26 రోజులకు వస్తే మరోసారి 40 రోజులకు. హార్మోన్ల సమతుల్యత తప్పిందేమోనని, 20 పరీక్షలు కలిపి చేసే ప్యాకేజీ గురించి డాక్టరు గారిని అడిగాను. "అవన్నీ ఎందుకమ్మా" అని థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయించే హార్మోన్), రక్తహీనత కోసం రక్తకణాల లెక్క, ఇనుము నిల్వ తెలిపే ఫెరిటిన్ మాత్రం రాసి పంపించేశారు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

తేడా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. రక్తం ఎలాగూ తీస్తున్నారు. ఇంకో రెండు గొట్టాలు నింపితే వచ్చే నష్టం ఏమిటి? తెలియకపోవడం కంటే తెలుసుకోవడం ఎప్పుడూ మేలే అన్నది నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి, వింటాను.

లెక్కల టీచరు

నష్టం ఏమిటో లెక్కలోనే ఉందండి. రిపోర్టులో ప్రతి అంకె పక్కన "సాధారణ పరిమితి" అని రాస్తారు కదా. చాలా పరీక్షలకు అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మధ్యలోని 95 శాతం మందికి వచ్చే విలువల్ని బట్టి గీసిన గీత. అంటే ఏ జబ్బూ లేని వందమందిలో ఐదుగురు గీత బయట ఉంటారు. అది ఒక్క పరీక్షకు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, అన్నీ గీత లోపలే ఉండే అవకాశం 0.95ను 20 సార్లు గుణిస్తే వచ్చేది, సుమారు 36 శాతం. మిగిలిన 64 శాతం సందర్భాల్లో పూర్తి ఆరోగ్యవంతులకు కూడా కనీసం ఒక అంకె ఎర్రగా అచ్చవుతుంది. హార్మోన్లు ఒకదానిమీద ఒకటి ఆధారపడతాయి కాబట్టి నిజంలో ఈ లెక్క కొంత మారుతుంది, కానీ పోకడ ఇదే.

ఆ ఎర్ర అంకె చూశాక మీకు నిద్ర పడుతుందా? దాని కోసం ఇంకో పరీక్ష, ఆపైన స్కానింగు, అక్కడ కనిపించిన చిన్న గడ్డకు మరో పరీక్ష. మీ డాక్టరు గారు సరిగ్గానే చెప్పారని నా అభిప్రాయం.

అక్క కోసం

టీచరు గారూ, మీ గుణకారంలో తప్పు లేదు. మా అక్కకు జరిగింది కూడా చెబుతాను.

రెండేళ్లపాటు నీరసం. బరువు తగ్గింది. మంచం మీద నుంచి లేస్తే కళ్లు తిరిగేవి. వెళ్లిన ప్రతిచోటా రక్తహీనత లేదు, షుగరు లేదు, థైరాయిడ్ బాగుంది, మానసిక ఒత్తిడి తగ్గించుకోండి అన్నారు. అక్క వంటింట్లో నిలబడి అరచేతిలో ఉప్పు పోసుకుని నాకేది. మేము చూసి కోప్పడేవాళ్లం. వేళ్ల కణుపుల మీద, అరచేతి గీతల్లో నలుపు తేలింది. ఎండలో తిరుగుతున్నావు అన్నాం. చివరికి ఒక డాక్టరు గారు ఆమె కింది పెదవిని బొటనవేలితో కిందికి లాగి, చిగుళ్ల మీది నల్లటి మచ్చలు చూశారు. మర్నాడు ఉదయం ఎనిమిది గంటలకు అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్, వాటిని పని చేయించే ఏసీటీహెచ్ పరీక్షలు చేయించారు. కార్టిసాల్ దాదాపు లేదు, ఏసీటీహెచ్ ఎన్నో రెట్లు ఎక్కువ. అడిసన్ జబ్బు. అడ్రినల్ గ్రంథులు పని మానేశాయి. ఇంకొన్ని వారాలు ఆలస్యమై, పైన ఏ జ్వరమో వచ్చి ఉంటే ప్రాణం పోయేదని చెప్పారు.

రోజూ మాత్రలు వేసుకుంటూ ఇప్పుడు అక్క మామూలుగా ఉంది. కాబట్టి "ఎక్కువ పరీక్షలు అనర్థం" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా అక్కకు అనర్థం చేసింది చేయని పరీక్ష. ఆడవాళ్లు నీరసం అనగానే ఒత్తిడి అనేసే అలవాటు ముందు పోవాలి. తెల్లవారుజాము గారూ, పట్టుబట్టండి.

ల్యాబ్ బల్ల

పదకొండేళ్లుగా రక్త నమూనాలు తీసే పనిలో ఉన్నాను. ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ మధ్యలో గొట్టం ఎప్పుడు నింపారన్నది ఎవరూ మాట్లాడలేదు. నా బాధంతా అక్కడే.

కార్టిసాల్ తెల్లవారే వేళకు పెరిగి, అర్ధరాత్రికి అట్టడుగుకు చేరుతుంది. ఉదయం ఎనిమిదికి తక్కువనిపించే విలువ రాత్రి పదకొండుకు మామూలే. పైన సోదరి చెప్పిన డాక్టరు గారు "ఉదయం ఎనిమిది గంటలకు" అని ఎందుకు పట్టుబట్టారో చూడండి. ప్యాకేజీ తీసుకున్నవాళ్లు ఆఫీసు ముగించుకుని సాయంత్రం ఐదున్నరకు వస్తారు. మేము తీస్తాం. యంత్రం అంకె ఇస్తుంది. ఆ అంకె పక్కన అచ్చయ్యేది మాత్రం ఉదయపు పరిమితి.

అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టిరాన్ సంగతి ఇంకా ఘోరం. అందరూ "21వ రోజు" అని బట్టీ పట్టారు. అది 28 రోజులకు నెలసరి వచ్చేవాళ్ల లెక్క. అండం విడుదలైందో లేదో తెలియాలంటే వచ్చే నెలసరికి సుమారు ఏడు రోజుల ముందు చూడాలి. 35 రోజుల చక్రమైతే అది 28వ రోజు. అండాశయాల పనితీరు చెప్పే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఎస్ట్రడయాల్ హార్మోన్లయితే సాధారణంగా నెలసరి మొదలైన రెండు నుంచి ఐదు రోజుల మధ్య చూస్తారు. మా ఫారంలో "ఆఖరి నెలసరి తేదీ" అని ఒక గడి ఉంటుంది. రోజుకు ఎన్ని ఫారాల్లో ఆ గడి ఖాళీగా వస్తుందో చెబితే నమ్మరు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నట్టు చెప్పరు, మేము అడిగేదాకా. ఆ మాత్రలు మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథినీ అండాశయాల్నీ నిద్రపుచ్చుతాయి, అలాంటప్పుడు కొలిచిన ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లతో అండాశయాల సొంత పనితీరు ఏం తెలుస్తుంది?

ఇంకొకటి. ఒకావిడ టీఎస్‌హెచ్ బాగా తక్కువగా, థైరాయిడ్ విడుదల చేసే హార్మోన్ ఫ్రీ టీ4 ఎక్కువగా వచ్చింది. కాగితం మీద చూస్తే థైరాయిడ్ ఉరకలు వేస్తున్నట్టే. మనిషి మాత్రం నిదానంగా కూర్చుని ఉంది, చేతులు వణకడం లేదు, నాడి 70. సంచిలో ఉన్న మందులన్నీ బల్ల మీద పెట్టమన్నాను. జుట్టు కోసం వేసుకునే మాత్రలు బయటపడ్డాయి, ఒక్కోదానిలో 10 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్. శరీరానికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాముల చుట్టూ. చాలా యంత్రాల కిట్లలో యాంటీబాడీలను పట్టి ఉంచేది బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండింటి మధ్య ముడి. రక్తంలో బయోటిన్ నిండి ఉంటే ఆ ముడి పడదు. అప్పుడు టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఆవిడ మాత్రలు ఆపి వారం తర్వాత వస్తే రెండూ మామూలుగా ఉన్నాయి. మా డాక్టరు గారికి ఫోను చేయకపోయి ఉంటే లేని జబ్బుకు మందు మొదలయ్యేది.

పరీక్ష మీద నాకు చిన్నచూపు లేదు. రక్తంలో ఊహకు అందనంత కొద్దిగా ఉండే హార్మోన్‌ను కొలిచే రేడియోఇమ్యునోఅసే పద్ధతిని రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ ఇన్సులిన్‌తో మొదలుపెట్టారు. యాలోకు 1977లో నోబెల్ వచ్చేనాటికి బెర్సన్ బతికి లేడు. అంత కష్టపడి సాధించిన కొలతను వేళ తప్పి వాడుతుంటే చూడలేకపోతున్నాను.

తెల్లవారుజాము

ల్యాబ్ బల్ల గారూ, మీరు రాసింది చదివి లేచి వెళ్లి నా జుట్టు మాత్రల సీసా తిప్పి చూశాను. బయోటిన్ 10 మిల్లీగ్రాములు. ఆరు వారాలుగా వేసుకుంటున్నాను. రేపే టీఎస్‌హెచ్‌కి వెళ్దామనుకున్నాను. డాక్టరు గారు అడగలేదు, నేనూ చెప్పలేదు.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఇదంతా "సరిగ్గా చేయండి" అన్నదానికి కారణం అవుతుంది, "చేయవద్దు" అన్నదానికి ఎలా అవుతుంది?

రెండో నమూనా

మగవాడి అనుభవం కూడా ఒకటి వినండి. నీరసంగా ఉందని ఒక క్లినిక్‌కి వెళ్లాను. రాత్రి షిఫ్టు చేసి, మధ్యాహ్నం తిన్న తర్వాత రక్తం ఇచ్చాను. టెస్టోస్టిరాన్ తక్కువ అన్నారు. ఆ ఒక్క అంకె చూసే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. హార్మోన్ల వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాల ప్రకారం ఉదయం పూట, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో తక్కువగా వస్తేనే నిర్ధారించాలని నాకు తర్వాత తెలిసింది. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మెదడు నుంచి వృషణాలకు వెళ్లే ఆజ్ఞ ఆగిపోతుందని, వీర్యకణాలు పడిపోతాయని ఎవరూ చెప్పలేదు. అప్పటికి మేము బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నాం. ఏడాది తర్వాత చేసిన పరీక్షలో కణాలు సున్నా. ఇంజెక్షన్లు ఆపాక అవి మళ్లీ కనిపించడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలు నా భార్య ముఖంలోకి చూడలేకపోయాను.

"ఇంకో గొట్టం నింపితే నష్టం ఏమిటి" అని అడిగారు కదండీ. ఇదీ.

గ్రంథుల వైద్యం

ఎండోక్రైన్ విభాగంలో పనిచేస్తాను. తెల్లవారుజాము గారి ప్రశ్న సరైనది కాబట్టి సూటిగా జవాబు చెప్పాలి.

"హార్మోన్ల సమతుల్యత" అనే మాటతోనే నాకు పేచీ. దాన్ని కొలిచే పరీక్ష లేదు. థైరాయిడ్‌కు ఒక ప్రశ్న, అడ్రినల్‌కు ఒక ప్రశ్న, అండాశయాలకు ఒక ప్రశ్న. అక్క కోసం గారూ, మీ అక్కను కాపాడింది పరీక్షల సంఖ్య అనుకోకండి. చిగుళ్లు చూసిన ఆ చూపు, దాని వెంట వచ్చిన రెండే పరీక్షలు. "అడ్రినల్ అలసట" పేరుతో నీరసం ఉన్నవాళ్లందరికీ కార్టిసాల్ కొలిచే వ్యాపారం ఒకటి నడుస్తోంది. అలాంటి జబ్బుకు ఆధారం లేదని ఎండోక్రైన్ సొసైటీ స్పష్టంగా చెప్పింది. దాని సందడిలో అసలైన అడిసన్ రోగులు మరుగున పడటం నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. అయితే మీ కోపం కూడా న్యాయమే. రెండేళ్లు ఆమె చేతుల వైపు ఎవరూ చూడకపోవడం మా వృత్తి తప్పు.

థైరాయిడ్‌కు ముందుగా టీఎస్‌హెచ్ ఒక్కటే ఎందుకంటే, టీ4 కొద్దిగా తగ్గినా పిట్యూటరీ పసిగట్టి టీఎస్‌హెచ్‌ను ఎన్నో రెట్లు పెంచుతుంది. అంతకంటే సున్నితమైన కొలత మరొకటి లేదు. పిట్యూటరీకే జబ్బు ఉందని అనుమానిస్తే మాత్రం అది మోసం చేస్తుంది, అప్పుడు ఫ్రీ టీ4 తప్పనిసరి. అంకె కొద్దిగా గీత దాటినంత మాత్రాన మందు మేలు చేస్తుందనీ లేదు. 65 ఏళ్లు దాటి, టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువగా, టీ4 మామూలుగా ఉన్న 737 మంది మీద జరిపిన ట్రస్ట్ అధ్యయనం 2017లో వచ్చింది. మందు వేసుకున్నవాళ్లకు నీరసం ఏమీ తగ్గలేదు.

ప్యాకేజీల్లో పెట్టే ఏఎంహెచ్ గురించి కూడా చెప్పాలి. అండాల నిల్వ అని దానికి పేరు. సంతానలేమి చరిత్ర లేని, 30 నుంచి 44 ఏళ్ల స్త్రీల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లు సహజంగా గర్భం దాల్చడంలో మిగతావాళ్ల కంటే వెనకబడలేదు. ఐవీఎఫ్‌లో మందు మోతాదు నిర్ణయించడానికి అది పనికొస్తుంది. పెళ్లి ఎప్పుడు చేసుకోవాలో నిర్ణయించడానికి పనికిరాదు. ఆ ఒక్క అంకె పట్టుకుని ఏడుస్తూ వచ్చిన అమ్మాయిలు ఎందరో నా ఎదుటి కుర్చీలో కూర్చున్నారు.

ఇక మీ విషయం, తెల్లవారుజాము గారూ. 40 రోజులకు నెలసరి వచ్చిన స్త్రీకి ముందుగా గర్భ పరీక్ష, టీఎస్‌హెచ్, వాటితోపాటు పాల ఉత్పత్తికి తోడ్పడే హార్మోన్ ప్రొలాక్టిన్ చూడటం సబబు. మీ డాక్టరు గారు ప్రొలాక్టిన్ వదిలేశారు. అక్కడ నేను మీ పక్షమే. అవాంఛిత రోమాలు, మొటిమలు ఉంటే టెస్టోస్టిరాన్ కూడా అడగవచ్చు. ప్రొలాక్టిన్ సూది భయానికి కూడా కొద్దిగా పెరుగుతుంది, వాంతులకు వాడే డోంపెరిడోన్ లాంటి మందులకూ పెరుగుతుంది. స్వల్పంగా ఎక్కువ వస్తే కంగారు పడకుండా ప్రశాంతంగా కూర్చుని మరోసారి ఇవ్వండి.

అక్క కోసం

డాక్టరు గారూ, చూపు ముఖ్యమన్నారు, ఒప్పుకుంటాను. నాలుగు నిమిషాల్లో చూపు ఎక్కడి నుంచి వస్తుంది? చూసే డాక్టరు దొరకనివాళ్లే ప్యాకేజీల వెంట పడుతున్నారు. ఆ సంగతి వదిలేసి ప్యాకేజీని మాత్రం తిడితే ఎలా?

గ్రంథుల వైద్యం

దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. వరుసలో ఇంకా అరవైమంది ఉన్నప్పుడు నేనూ తొందరపడిన రోజులున్నాయి.

లెక్కల టీచరు

అక్క కోసం గారూ, ఒక మాట సరిదిద్దుకుంటాను. నా 64 శాతం ఏ లక్షణమూ లేని మనిషి లెక్క. లక్షణాలున్న మనిషిలో అదే ఎర్ర అంకెకు విలువ ఎక్కువ. మీ అక్కను ఆ మొదటి గుంపులో కలిపి మాట్లాడటం నా పొరపాటు. 20 పరీక్షల ప్యాకేజీ వద్దన్న మాట మీద మాత్రం ఉన్నాను.

తెల్లవారుజాము

జుట్టు మాత్రలు ఆపేశాను. ప్యాకేజీ ఆలోచన కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టాను, పూర్తిగా మానుకున్నానని అనను. డాక్టరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లి, "దేన్ని అనుమానిస్తున్నారు, ఏది కాదని తేల్చుకోవాలనుకుంటున్నారు" అని అడిగాను. ఈసారి కుర్చీ ముందుకు జరుపుకుని మాట్లాడారు. ప్రొలాక్టిన్ చేర్చారు, గర్భ పరీక్ష కూడా. బయోటిన్ సంగతి విని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. వచ్చే సోమవారం ఉదయం వెళ్తున్నాను.

ల్యాబ్ బల్ల

మంచిదండి. వెళ్లగానే పది నిమిషాలు కూర్చుని, ఆ తర్వాత చేయి చాపండి. ఆఖరి నెలసరి తేదీ గడి నింపండి, మాత్రలు ఏ రోజు ఆపారో దాని పక్కనే రాయండి.