బైబిలు అధ్యయన సాఫ్ట్‌వేర్: డబ్బు పెట్టి కొనాలా, ఉచితమైనవాటితో సరిపెట్టుకోవచ్చా?

వాక్యసేవ:

అందరికీ వందనాలు. వారానికి ఒక ప్రసంగం, ఒక బైబిలు స్టడీ తయారుచేసుకోవాలి. ప్రస్తుతం వాడుతున్నవి ఫోన్లో యూవెర్షన్ బైబిలు యాప్, బ్రౌజర్లో బైబిల్ హబ్ సైటు, అంతే. డబ్బు పెట్టి కొనే లోగోస్ ప్రోగ్రాం తీసుకోమని కొందరు, ఉచితంగా దొరికే ఈ-స్వోర్డ్ ఉండగా డబ్బు తగలేయడం ఎందుకని కొందరు అంటున్నారు. గ్రీకు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, వ్యాకరణం అంతంతమాత్రం. హెబ్రీ అసలు రాదు. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నాయి. నెట్ ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం లేదు.

డబ్బు పెడితే అదనంగా వచ్చేది ఏమిటి? పెద్ద ప్యాకేజీ మేలా, విడివిడిగా కొనుక్కోవడం మేలా? లోగోస్ చందా పద్ధతికి మారిందట. చందా ఆపేస్తే కొన్న పుస్తకాలు కూడా పోతాయా?


బెరయవాసి:

వందనాలండి. ఏది కొనాలో తర్వాత చూద్దాం. మీరు వాక్యభాగాన్ని అడిగే ప్రశ్నలు ఎలాంటివో ముందు తేల్చుకోండి. డబ్బు అవసరమో కాదో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఒక పరీక్ష చెబుతాను. యోహాను సువార్తలో 'విశ్వాసం' ఎన్నిసార్లు వస్తుందో వెతకండి. పాత తెలుగు బైబిల్లో 3:16లో 'విశ్వాసముంచు ప్రతివాడును' అని ఉంది, 20:31లో 'నమ్మునట్లును, నమ్మి' అని ఉంది. 'విశ్వాసము' అని పూర్తి పదంగా వెతికితే 'విశ్వాసముంచు' దొరకదు, ఎందుకంటే అది కలిసిపోయి ఒకే పదమైంది. పదం మొదలు మాత్రమే ఇచ్చి వెతికితే అది దొరుకుతుంది గానీ 'నమ్మి' మాత్రం దొరకదు. ఇలా ఎంత వెతికినా మీ చేతికొచ్చేది అనువాదకుల మాటల లెక్కే.

ఇప్పుడు ఈ-స్వోర్డ్‌లో కింగ్ జేమ్స్ (పాత ఇంగ్లీషు బైబిలు) ప్లస్ అనే మాడ్యూల్, అంటే ప్రోగ్రాంలోకి చేర్చుకునే పుస్తకం, తెరవండి. అందులో ప్రతి పదం పక్కన స్ట్రాంగ్స్ సంఖ్య, అంటే దాని గ్రీకు లేదా హెబ్రీ మూలపదానికి ఇచ్చిన గుర్తు సంఖ్య, ఉంటుంది. వెతికే పరిధిని యోహాను సువార్తకు కుదించి జీ4100 అని కొట్టండి. అది 'పిస్టెవో' ('నమ్ము') అనే గ్రీకు క్రియ, వందకు అటూ ఇటూగా వస్తుంది. పండితులు వాడే నెస్ట్లె-ఆలాండ్ గ్రీకు పాఠంలో లెక్క 98. తర్వాత జీ4102 కొట్టండి. అది 'పిస్టిస్' ('విశ్వాసం') అనే నామవాచకం, ఒక్కసారి కూడా రాదు. అంటే యోహాను సువార్త అంతటా క్రియనే వాడింది. ప్రసంగానికి పనికొచ్చే ఇలాంటి పరిశీలన పైసా ఖర్చు లేకుండా రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: ప్రోగ్రాం చూపించే సంఖ్య వచనాలదో, పదం వచ్చిన సార్లదో చూసుకోండి. ఒకే వచనంలో పదం రెండుసార్లు ఉంటే రెండు లెక్కలూ కలవవు. 'నాకు 98 రాలేదు, మాడ్యూల్ తప్పు' అనే గొడవల్లో చాలావరకు ఇదే కారణం.

మీ ప్రశ్నలు ఈ స్థాయివైతే ఈ-స్వోర్డ్, నెట్ ఉన్నప్పుడు స్టెప్ బైబిల్, ఫోన్లో ఆండ్‌బైబిల్ చాలు. స్టెప్ బైబిల్ కేంబ్రిడ్జ్‌లోని టిండేల్ హౌస్ వాళ్లది. పదం మీద కర్సర్ పెడితే మూలపదం, వ్యాకరణ రూపం చూపిస్తుంది. కంప్యూటర్లో దింపుకుని నెట్ లేకుండా కూడా వాడుకోవచ్చు. ఆండ్‌బైబిల్ కూడా ఉచితమే, ప్రకటనలు ఉండవు, దింపుకున్నవన్నీ ఆఫ్‌లైన్లో తెరుచుకుంటాయి.

డబ్బుతో పని పడేది ఇంకో రకం ప్రశ్నకు. 'పిస్టెవో తర్వాత మూడు పదాల లోపు ఎయిస్ ('లోనికి') అనే విభక్తి పదం వచ్చిన చోట్లు, అందులోనూ క్రియ వర్తమానంలో ఉన్నవి మాత్రమే' అని అడగాలనుకోండి. ఇలా పదం, వ్యాకరణ రూపం, దూరం మూడూ కలిపి వెతకడం డబ్బు పెట్టి కొనే లోగోస్, అకార్డెన్స్ ప్రోగ్రాములలో నల్లేరు మీద నడక. ఉచిత ప్రోగ్రాముల్లో కొన్నిటిలో కుస్తీ పడితే కొంతవరకు కుదురుతుంది. మీరు అలాంటి ప్రశ్న నెలకు ఒకటైనా అడగకపోతే ఆ సౌకర్యానికి డబ్బు పెట్టడం దండగ.


పాతప్రతి:

బెరయవాసి గారు వెతుకులాట గురించి చెప్పారు, నేను లెక్కల సంగతి చూస్తాను.

పెద్ద ప్యాకేజీల మీద 'ఇన్ని వందల పుస్తకాలు' అని రాస్తారు. ఆ అంకె చూసి మోసపోవద్దు. పుస్తకాల జాబితా పూర్తిగా తెరిచి, కాపీరైటు తీరిపోయినవి ముందు కొట్టేయండి. మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానం 6 సంపుటాలు, పాతనిబంధనకు కైల్-డెలిచ్ 10, కీర్తనల మీద స్పర్జన్ 7. ఈ మూడింటికే 23 'పుస్తకాలు' అయ్యాయి. ఇవన్నీ ఉచిత ప్రోగ్రాముల్లో దొరికేవే. తర్వాత ఒక వ్యాఖ్యాన వరుసలో రెండు మూడు సంపుటాలు మాత్రమే ఇచ్చి వరుస పేరు పెద్దక్షరాల్లో వేసిన చోట్లు గుర్తించండి. మీరు వచ్చే ఏడాది బోధించబోయే గ్రంథాలు రెండో మూడో ఉంటాయి కదా, వాటి మీద ఏమున్నాయో చూడండి. ఇంత వడపోశాక మిగిలినవాటిని విడిగా కొంటే ఎంతవుతుందో కూడి, ప్యాకేజీ ధర పక్కన పెట్టి చూసుకోండి. లోగోస్‌లో మీ దగ్గర ముందే ఉన్న పుస్తకాల విలువను ప్యాకేజీ ధరలోంచి తగ్గిస్తారు కాబట్టి ముందు ఒకటి రెండు విడిగా కొన్నంత మాత్రాన నష్టం రాదు. నెలకో పుస్తకం ఉచితంగా ఇస్తుంటారు, అది తీసుకుంటూ ఉండండి.

చందా గురించి. 2024లో లోగోస్ ప్రీమియం, ప్రో, మ్యాక్స్ అనే చందాలు తెచ్చింది. విడిగా కొన్న పుస్తకాలు చందా ఆపినా మీవే, ఉచిత యాప్‌లోనే తెరుచుకుంటాయి. ఆగిపోయేవి చందాతో వచ్చే సౌకర్యాలు, చందాలో భాగంగా చదవనిచ్చిన పుస్తకాలు. కాబట్టి ఏది కొన్నారో ఏది అద్దెకు తీసుకున్నారో మొదటి రోజే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రెండేళ్ల నోట్సు అద్దె పుస్తకాలకు తగిలించాక చందా ఆపాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఇంకో మాట, ఏఐతో నడిచే స్మార్ట్ సెర్చ్ లాంటివి నెట్ లేకపోతే పనిచేయవు. మీ పరిస్థితికి ఆ ఆకర్షణను లెక్కలోంచి తీసేయవచ్చు.

కంపెనీ మూతపడితే? ఇది ఊహ కాదు. మూలభాషల పనికి ఎంతోమంది పండితులు నమ్ముకున్న బైబిల్‌వర్క్స్ 2018 జూన్‌లో అమ్మకాలు ఆపేసింది. వాడుతున్నవాళ్ల కంప్యూటర్లలో అది వెంటనే ఆగిపోలేదు గానీ కొత్త పాఠాలు, కొత్త విండోస్‌కు మార్పులు చేసే నాథుడు లేకుండా పోయాడు. అందుకని మీ సొంత రాత, అంటే ప్రసంగాలు, నోట్సు, ఏ ప్రోగ్రాం కడుపులోనూ ఉంచకండి. కొనే ముందు పది నోట్సు రాసి, ఎగుమతి చేసి, వర్డ్‌లో తెరిచి చూడండి. తెలుగు అక్షరాలు సరిగా వచ్చాయా, ఏ నోటు ఏ వచనానిదో రిఫరెన్సు పక్కనే ఉందా, ఈ రెండూ చూస్తే తెలిసిపోతుంది.


హెబ్రీవిద్యార్థి:

ఉచితమైనవి చాలు అన్న మాట సగమే ఒప్పుకుంటాను. వెతకడానికి చాలు. అర్థం తేల్చడానికి చాలవు, ఎందుకంటే ఉచితంగా దొరికే నిఘంటువులు పాతవి. థేయర్ గ్రీకు నిఘంటువు 1889 నాటిది. ఈజిప్టు ఇసుకలో దొరికిన పపైరస్ ఉత్తరాల వల్ల కొత్త నిబంధన కాలపు వాడుక గ్రీకు గురించి తెలిసినదంతా దాదాపు ఆ తర్వాతి సంగతే. హెబ్రీకి వాడే బ్రౌన్-డ్రైవర్-బ్రిగ్స్ 1906లో పూర్తయింది. హెబ్రీకి దగ్గరి భాష ఉగరితిక్ పలకలు బయటపడింది 1929లో, మృత సముద్రపు చుట్టలు 1947లో. ఈ లోటు తీర్చేవి గ్రీకుకు బీడాగ్ మూడో కూర్పు (2000), హెబ్రీకి హాలట్. రెండూ కాపీరైటులో ఉన్నవే, డబ్బు పెట్టక తప్పదు.

స్ట్రాంగ్స్ సంగతి ఇంకా ఘోరం. అది 1890లో కింగ్ జేమ్స్ బైబిలుకు తయారైన పదసూచిక. చివర్లో ఉన్న చిన్న నిఘంటువులో కింగ్ జేమ్స్ అనువాదకులు ఆ పదానికి వాడిన మాటలన్నీ వరసగా ఉంటాయి. దాన్ని అర్థాల జాబితాగా తీసుకుని, నచ్చింది ఏరుకుని ప్రసంగంలో పెట్టేస్తారు. పైగా సంఖ్య మూలపదాన్నే చెబుతుంది. కాలం ఏదో, ఏకవచనమా బహువచనమా, కర్తరియా కర్మణియా అన్నది చెప్పదు. మీకు వ్యాకరణం అంతంతమాత్రం అన్నారు కాబట్టి ఈ గుంటలో పడే ప్రమాదం ఎక్కువ. నన్నడిగితే మీ మొదటి ఖర్చు ప్యాకేజీ కాదు, బీడాగ్ ఒక్కటే. అది కూడా నేరుగా కొనేయకండి. ముందు ఏదైనా వేదాంత కళాశాల గ్రంథాలయంలో అచ్చుప్రతి తీసి ఒక్క పదం కింద ఉన్నదంతా చదవండి. అర్థమవుతోంది అనిపిస్తేనే కొనండి. అర్థం కాకపోతే ఆ డబ్బుతో గ్రీకు మొదటి సంవత్సరం పాఠ్యపుస్తకం కొనుక్కోండి. పదిరెట్లు లాభం.

లోగోసా, అకార్డెన్సా అంటే: అకార్డెన్స్ 1994లో మ్యాక్ కోసం పుట్టింది, ఇప్పుడు విండోస్‌లోనూ ఉంది. మూలభాషలే ప్రధానమైతే అదే తేలిక, వేగం. వ్యాఖ్యానాలు, వేదాంత గ్రంథాలు ఎక్కువ కావాలంటే లోగోస్‌దే పెద్ద అంగడి. మీ అవసరం రెండో రకంలా కనిపిస్తోంది.

ఏ ప్రోగ్రాం అయినా సరే, ఉచితమైనా కాకపోయినా, ఈ రెండు వచనాలతో పరీక్షించండి. తెలుగు లేదా ఇంగ్లీషు బైబిలును, హెబ్రీ పాఠాన్ని పక్కపక్కన పెట్టి కీర్తన 51:1కి వెళ్లండి. హెబ్రీలో శీర్షికను కూడా వచనాలుగా లెక్కిస్తారు కాబట్టి అటు 51:3 కనిపించాలి. తర్వాత యోవేలు 2:28 తెరవండి, హెబ్రీ వైపు 3:1 రావాలి. రెండు వైపులా ఒకే అంకె వచ్చిందంటే ఆ ప్రోగ్రాంకో మాడ్యూల్‌కో వచన సంఖ్యల సర్దుబాటు లేదన్నమాట. హెబ్రీ రానివాళ్లకు తేడా తెలియదు, వేరే వచనంలోని పదాలను ఈ వచనానికి అంటగట్టి బోధిస్తారు. మలాకీ 4వ అధ్యాయంతోనూ ఇదే ఇబ్బంది, హెబ్రీలో ఆ గ్రంథానికి మూడే అధ్యాయాలు.


వాక్యసేవ:

చాలా ఉపయోగపడిందండి. ఇంకో రెండు సందేహాలు. ఒకటి, 8 జీబీ ర్యామ్‌తో లోగోస్ నడుస్తుందా? రెండు, సంఘం డబ్బుతో కొంటామంటున్నారు. అకౌంటు సంఘం పేరు మీద తెరవాలా, నా పేరు మీదా?


పాతప్రతి:

నడుస్తుంది. ఇబ్బంది పెట్టేది పాత రకం హార్డ్‌డిస్క్, అంటే ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) లేని ల్యాప్‌టాప్. లోగోస్ కొత్త పుస్తకాలు దింపినప్పుడల్లా ఇండెక్సు తయారుచేసుకుంటుంది. గ్రంథాలయం పెద్దదైతే, పాత డిస్క్ మీద అది గంటల తరబడి సాగుతుంది. ఆదివారం ఉదయం అప్‌డేట్ నొక్కితే ప్రసంగం వేళకు ఫ్యాను మోత తప్ప ఏమీ వినపడదు. సోమవారం రాత్రి చార్జర్ పెట్టి వదిలేయండి. అన్నీ ల్యాప్‌టాప్‌లోకి దింపనక్కరలేదు, ఆ నెలకు కావలసినవే చాలు. ఫోన్లో పుస్తకం తెరుచుకుంటోంది కదా అని ఆఫ్‌లైన్లో కూడా ఉందనుకోకండి. దాన్ని డౌన్‌లోడ్ అని విడిగా నొక్కాలి, తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి ఒకసారి తెరిచి చూడాలి.


బెరయవాసి:

అకౌంటు సంగతి జాగ్రత్తండి. లైసెన్సు సాధారణంగా ఒక వ్యక్తికి ఇస్తారు, సంఘంలో నలుగురు ఒకే పాస్‌వర్డ్ వాడుకోవడానికి కాదు. తగవు వచ్చేది పాస్టర్ వేరే సంఘానికి మారినప్పుడు. పుస్తకాలు ఆయనతో వెళ్తాయా, ఇక్కడే ఉంటాయా అన్నది కొనే రోజునే సంఘ కమిటీ మినిట్స్‌లో రాయించండి. ఇక్కడే ఉండాలంటే, లైసెన్సు మరొకరి పేరుకు బదిలీ చేయనిస్తారా, దానికి రుసుము ఎంత అని కంపెనీకి ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. విడివిడిగా కొన్ని పుస్తకాలు బదిలీ చేయడం, మొత్తం అకౌంటు బదిలీ చేయడం ఒకటి కాదు, రెండిటి గురించీ అడగండి.

తెలుగు పాఠం మీరు అడగలేదు గానీ కొనే ముందు అదీ చూసుకోండి. కొనబోయే ప్రోగ్రాంలో తెలుగు బైబిలు లేకపోతే పక్క కిటికీలో యూవెర్షన్ పెట్టుకుని నెట్టుకురావాలి, రెండూ కలిసి కదలవు. తెలుగు ఐఆర్‌వీ (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్) అనువాదం ఉచితంగా పంచుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంది, ఈబైబిల్ సైటు నుంచి దింపుకోవచ్చు. బయటి పాఠాలను చేర్చుకోనిచ్చే ప్రోగ్రాంలోకి దాన్ని ఎక్కించుకోవచ్చు. పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్లు మాత్రం ఎక్కించకండి. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, వెతికితే ఒక్క పదమూ దొరకదు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒక అధ్యాయం ఒత్తులతో సహా సరిచూసుకున్నాకే మిగతాది మార్చండి.