వెన్నులో సూది వేయించుకుంటే జన్మంతా నడుం నొప్పేనా? చెల్లి పురుడు దగ్గర పడింది

గాజువాక కోడలు
మా చెల్లికి తొమ్మిదో నెల. పురుడు విశాఖలోనే. నొప్పులు తెలియకుండా వెన్నులో ఎపిడ్యూరల్ ఇస్తామని ఆసుపత్రిలో అన్నారు, చెల్లి సరేనంది. అమ్మ మాత్రం ససేమిరా ఒప్పుకోవట్లేదు. దానికి కారణం నేనే. 2021లో నాకు సిజేరియన్ అయింది, వెన్నులో మత్తు ఇచ్చారు. అప్పట్నుంచీ నడుం నొప్పి. పాపని ఎత్తుకుని మూడో అంతస్తు ఎక్కితే మర్నాడు మంచం దిగలేను. మొన్న అందరూ సింహాచలం మెట్లదారిన వెళ్తే, నేనొక్కదాన్నీ బస్సెక్కి కొండమీద వాళ్లకోసం కూర్చున్నా. డాక్టర్లని అడిగితే "దానివల్ల కాదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మరి దేనివల్ల?

కంచరపాలెం అక్క
వద్దని చెప్పు తల్లీ. నాకిద్దరు. పెద్దోడు మామూలు కాన్పు, ఏ సూదీ లేదు, నెల తిరక్కుండా వాకిలి తుడుచుకున్నాను. రెండోదానికి వెన్నులో గుచ్చారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నేర్చుకునే కుర్రాడెవడో. ఎనిమిదేళ్లయింది, ముసురు పడితే సరిగ్గా ఆ గుచ్చినచోటే లాగుతాది. ఇంకేటి రుజువు కావాలి?

మత్తు డాక్టరు
ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. గాజువాక కోడలు గారికి ఇచ్చింది బహుశా ఎపిడ్యూరల్ కాదు, స్పైనల్. మన దగ్గర సిజేరియన్‌కి ఎక్కువగా ఇచ్చేది అదే. చాలా సన్నటి సూది, ఒక్కసారి మందు వేసి తీసేస్తాం. ఎపిడ్యూరల్ సూది అంతకంటే లావు. వెన్నుపామునీ దాని చుట్టూ నీటినీ కప్పి ఉంచే పొరకి బయటే ఆగుతుంది. అక్కడ సన్నటి గొట్టం ఉంచి సూది తీసేసి, కాన్పయ్యేదాకా మందు ఎక్కిస్తాం. రెండూ మామూలుగా వెన్నుపాము ముగిసిన చోటికి కిందే వేస్తాం.

గుచ్చినచోట కొన్నాళ్లు కమిలినట్టు ఉండటం నిజం. ఏళ్లతరబడి నొప్పికి సూదే కారణమనడానికి మాత్రం పరిశోధనల్లో బలం లేదు.

స్టీల్‌ప్లాంట్ నాన్న
మా అమ్మకి నలుగురం. అందరం ఇంట్లోనే, మంత్రసాని చేతిమీదే. వావిలాకు నీళ్లు, నువ్వులనూనె మర్దనా, నడుంకట్టు, ఏదీ తక్కువ చెయ్యలేదు. ఆవిడకీ నడుం నొప్పే. ఆవిడ ఎవర్ని తిట్టుకోవాలి? (నన్నే తిడుతుంది. నాలుగు కిలోలు పుట్టానట.)

కంచరపాలెం అక్క
మీ అమ్మగారి వయసెంత బాబూ? నాకు ముప్ఫయ్యారు.

సీతమ్మధార
డాక్టరు గారూ, "బలం లేదు" అని దాటేయకండి. 1990లో అచ్చయిన ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్ అధ్యయనంలో పదకొండు వేలమందికి పైగా తల్లుల్ని అడిగారు. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లలో వందకి దాదాపు 19 మంది కాన్పు తర్వాత మొదలై వదలని నడుం నొప్పి ఉందన్నారు, తీసుకోనివాళ్లలో సుమారు 10 మంది. ఇంచుమించు రెట్టింపు.

మత్తు డాక్టరు
ఆ అధ్యయనం నాకూ తెలుసు. కాన్పయిన ఏళ్లకి ఉత్తరాలు రాసి అడిగారు. ఎప్పుడో వచ్చిన నొప్పిని గుర్తు చేసుకుని చెప్పమంటే, మనసు ముందు సూది దగ్గరికే పోతుంది. ఇంకో సంగతి. ముందే తేదీ పెట్టుకుని ఎపిడ్యూరల్‌తో సిజేరియన్ చేసినవాళ్లలో ఆ తేడా కనబడలేదు. తప్పు సూదిదే అయితే వాళ్లలోనూ కనబడాలిగా? తిమ్మిరిలో నడుం ఒంకరగా గంటలకొద్దీ ఉండిపోవడం వల్ల కావచ్చని ఆ పరిశోధకులే అనుమానించారు. తర్వాత ఎవరికి ఎపిడ్యూరల్ ఇవ్వాలో, ఎవరికి వేరే మందు ఇవ్వాలో చీటీ తీసినట్టు పంచి చేసిన పరీక్షల్లో, రెండు గుంపులకీ దీర్ఘకాలపు నడుం నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వందకి 42 కాన్పులు సిజేరియన్లే. అంటే నడుం నొప్పి ఉన్న తల్లుల్లో చాలామందికి ఎలాగూ వెన్నులో సూది పడే ఉంటుంది.

ఎంవీపీ ఫిజియో
ఒక్క ప్రశ్న. నొప్పి మొదలైంది ఎప్పుడు? పురుడయ్యాకా, అంతకుముందా? కడుపుతో ఉన్నప్పుడు కీళ్ల కట్లు వదులవుతాయి, నడుం ముందుకి ఒంగుతుంది, పొట్ట కండరాలు మధ్యకి విడిపోతాయి. సిజేరియన్ తర్వాత వాటిని మళ్లీ బిగించే కసరత్తు చెప్పేవాళ్లు తక్కువ, చేసేవాళ్లు ఇంకా తక్కువ. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందివి మంచం మీద ఒంగి గంటలకొద్దీ పాలిచ్చిన నడుములే. వీపుకి దిండు పెట్టుకుని, బిడ్డని రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి. మనం బిడ్డ దగ్గరికి వంగకూడదు.

గాజువాక కోడలు
మా ఆయన్ని అడిగాను. "ఏడో నెలలోనే నడుం అంటూ ఆఫీసు కుర్చీకి దిండు పట్టుకెళ్లేదానివి కదా" అన్నారు. నిజమే. పూర్తిగా మర్చిపోయాను. కానీ ఇంత నొప్పి మాత్రం అప్పుడు లేదు.

కంచరపాలెం అక్క
నీకు ముందే ఉందేమోగానీ నాకు లేదమ్మా. అడిగినప్పుడల్లా లెక్కలు చెప్తారు. నా నడుం మీద చెయ్యి పెట్టి చూసిన డాక్టరు ఒక్కడూ లేడు.

మత్తు డాక్టరు
అది మా తప్పేనమ్మా. చూడకుండా కాదనకూడదు. నాలుగుసార్లు గుచ్చితే అప్పట్లో కమిలి నొప్పి చేసి ఉంటుంది. పొరపాటున వెన్నుపాముని కప్పే ఆ పొరకి చిల్లుపడితే తీవ్రమైన తలనొప్పి వస్తుంది, కొందరిలో అది నెలల తరబడి పీడిస్తుంది. అలాంటివాళ్లలో నడుం నొప్పి కూడా ఎక్కువని చెప్పే అధ్యయనాలున్నాయి. ఒకసారి ఎముకల డాక్టరుకి చూపించుకోండి. సూది వేసిన రోజుల్లోగానీ తర్వాతగానీ ఎవరికైనా కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, జ్వరంతో నడుం సలిపినా ఆ రోజే పరుగెత్తాలి. అరుదు, కానీ అలాంటప్పుడు ఆలస్యం పనికిరాదు.

గాజువాక కోడలు
చెల్లి ఇదంతా చదివింది. నొప్పులొచ్చాక చూద్దాంలే అంటోంది.

మత్తు డాక్టరు
వద్దు. నొప్పుల్లో మెలికలు తిరుగుతూ ఉన్నప్పుడు మా మాటలు చెవికెక్కవు. ఈ వారమే వెళ్లి మత్తు డాక్టరుతో మాట్లాడమనండి. రక్తపరీక్షలు చూస్తారు, తీసుకోవాలో వద్దో అప్పుడు తనే తేల్చుకుంటుంది.

కంచరపాలెం అక్క
గుచ్చేది ఎవరో కూడా అప్పుడే అడగమను. నేర్చుకునేవాడయితే పక్కన పెద్దాయన ఉంటాడా లేదా అని.

మత్తు డాక్టరు
అడగమనండి. నన్నడిగితే నేనూ చెప్తాను.