ఒకే గదిలో ఇద్దరి ఆఫీసు: హెడ్‌సెట్ ఏది కొనాలి?

మొగల్రాజపురం:
మాది మొగల్రాజపురంలో రెండు పడకగదుల ఫ్లాటు. పది అడుగులకు పదకొండు అడుగుల గదిలో నేను, మా ఆవిడ ఎదురెదురుగా కూర్చుని ఉద్యోగాలు చేస్తున్నాం. నిన్న కాల్ మధ్యలో మా మేనేజర్ ‘మీ వెనక ఎవరో ఇన్‌వాయిస్ నంబర్లు చదువుతున్నారు, మేమూ రాసుకోవాలా?’ అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆరు వేలలోపు మంచి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌సెట్ ఏదో చెప్పండి.

పటమట:
చెవులు పూర్తిగా మూసే బ్లూటూత్ రకం, ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్) ఉన్నది తీసుకోండి. రెండేళ్లుగా వాడుతున్నాను. పెట్టుకుంటే ఏసీ మోత, ఫ్యాను మోత మాయం. బెంజ్ సర్కిల్ వంతెన మీద లారీలు పోతున్నా నాకు పట్టదు.

తీగే మేలు:
ఆయన అడిగింది ఒకటి, మీరు చెప్పింది ఒకటి. ఏఎన్‌సీ పనిచేసేది పెట్టుకున్నవాడి చెవికి. బయటి మోతను చిన్న మైకులతో పట్టి, దానికి ఎదురు తరంగం పుట్టించి చెవి దగ్గరే కొట్టేస్తుంది. అది కూడా ఫ్యాను లాంటి ఏకధాటి మోతనే బాగా తగ్గిస్తుంది, పక్కవాళ్ల మాటలను అంతగా తగ్గించలేదు. ఇక్కడ బాధ ఈయన చెవిది కాదు, మేనేజర్ చెవిది. కాబట్టి చూడవలసింది మైకును.

నోటి దాకా కాడ వచ్చే యూఎస్‌బీ తీగ హెడ్‌సెట్ మూడు వేలకు వస్తుంది. మైకును పెదవి మూలకు రెండు వేళ్ల దూరంలో ఉంచండి. సరిగ్గా నోటికెదురుగా పెడితే ఊపిరి కొడుతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. మీ నోరు 3 సెంటీమీటర్ల దూరంలో, మీ ఆవిడ ఒకటిన్నర మీటరు దూరంలో ఉంటే 50 రెట్లు తేడా. అంటే సుమారు 34 డెసిబెళ్లు.

పటమట:
ఆ లెక్క ఆరుబయట మైదానానికి. ఆయనది కింద టైల్స్, చుట్టూ ఉత్త గోడలు ఉన్న గది. శబ్దం గోడకు కొట్టుకుని తిరిగి మైకులోకే వస్తుంది. ఇక తీగ సంగతి నాకు చెప్పకండి. కుర్చీ చక్రం కింద పడి రెండు నెలల్లో తెగింది. కొన్న దుకాణానికి పట్టుకెళ్తే ‘హెడ్‌సెట్‌కు గ్యారంటీ ఉంది సార్, తీగకు లేదు’ అన్నాడు. తీగ లేకుండా అది హెడ్‌సెట్ ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఏలూరు రోడ్డు:
మే నెలలో బెజవాడలో చెవులు మూసేది పెట్టుకోవడమంటే ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టే.

తీగే మేలు:
పటమట గారూ, మీ కుర్చీ చక్రానికి నేనేం చేయను? బ్లూటూత్‌లో పాట వినడానికి ఒక దారి, మైకు తెరిచి మాట్లాడడానికి ఇంకో దారి. ఆ రెండోది చాలా వాటిలో సెకనుకు 8,000 లేదా 16,000 శబ్ద నమూనాలే పంపుతుంది. మామూలు సీడీ పాటకు 44,100. అందుకే పాట తేనెలా వినిపించే హెడ్‌సెట్‌లో కాల్ ఎత్తగానే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

సత్యనారాయణపురం:
టీమ్స్‌లోనూ జూమ్‌లోనూ మోత తగ్గించే ఏర్పాటు ఉంది కదా, డబ్బెందుకు దండగ?

తీగే మేలు:
మిక్సీ మోతను అది చక్కగా తీసేస్తుంది. మాటను తీయడమే కష్టం. ఆవిడదీ మనిషి గొంతే కదా!

మొగల్రాజపురం:
అదే నా బాధ. ఆవిడ కొంచెం గొంతు తగ్గిస్తే ఈ ఖర్చే ఉండదు. చెబితే వినదు.

బ్రాడీపేట 4వ లైను:
ఆవిడ ఏ హెడ్‌సెట్ వాడుతున్నారు?

మొగల్రాజపురం:
ఫోనుతో వచ్చిన ఇయర్‌ఫోన్లు. ఆవిడకు అవి చాలండీ. అన్నీ సొంత టీమ్‌తో మాట్లాడే కాల్సే. నావి ఖాతాదారులతో.

బ్రాడీపేట 4వ లైను:
సొంత టీమ్‌కు ఇన్‌వాయిస్ నంబర్లు గట్టిగా చదివి వినిపిస్తారా? అవి డబ్బు రావలసినచోట చదివే నంబర్లు. ఎనిమిదేళ్లుగా బిల్లింగ్‌లో ఉన్నాను, నాకు తెలుసు. ఒక్క అంకె తప్పు వినబడితే మళ్లీ మొదటినుంచి చదవాలి.

మా ఇంట్లోనూ ఇదే వరస. తలుపున్న గది మావారిది, ఫ్రిజ్ పక్కన స్టూలు నాది. కుక్కరు కూతకు మ్యూట్, కూరగాయల బండికి మ్యూట్. మూడేళ్లు అలాగే నెట్టుకొచ్చాను. ఆయన కాల్ పని, నా కాల్ చప్పుడు.

పటమట:
అమ్మా, ఇది హెడ్‌సెట్ల చర్చ. కాపురాల పంచాయితీ కాదు.

మొగల్రాజపురం:
అవును. మా ఇంటి సంగతి మీకెందుకు? ఆవిడ గొంతు సహజంగానే పెద్దది, అంతే.

బ్రాడీపేట 4వ లైను:
పెద్దది ఎవరి గొంతో తేల్చుకోండి. మీ కాల్ నడుస్తున్నప్పుడు ఫోనులో రికార్డింగ్ పెట్టి ఆవిడ బల్ల మీద ఉంచండి. చుట్టూ మోత ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లోనే లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పాడు. రెండు చెవులూ మూసుకుంటే తన మాట తనకు సరిగా వినబడక మనిషి ఇంకా అరుస్తాడు. అందుకే కొన్ని హెడ్‌సెట్లలో మన గొంతును మన చెవికే కొద్దిగా వినిపించే సైడ్‌టోన్ పెడతారు. పటమట గారు చెప్పిన రకంలో అది లేకపోతే ఆయన కాల్ వీధి వీధంతా వింటుంది.

పటమట:
మా వీధిలో ఎవరూ ఏమీ అనలేదు.

ఏలూరు రోడ్డు:
మీరు చెవులు మూసుకుని ఉంటే ఎలా వినబడుతుంది సార్?

మొగల్రాజపురం:
(మర్నాడు) రికార్డు చేశాను. పన్నెండు నిమిషాలు విన్నాను. ఆవిడ మాట నాలుగు చోట్ల వినిపించింది. మిగతాదంతా నేనే. ఒకచోట ఆవిడ ‘ఒక్క క్షణం, ఇక్కడ కొంచెం శబ్దంగా ఉంది’ అని అవతలివాళ్లకు చెప్పి బయటికి వెళ్లడం, తలుపు మూసుకోవడం కూడా వినిపించాయి. పదకొండు గంటల కాల్ ఆవిడ రోజూ మెట్ల మీద కూర్చుని మాట్లాడుతోందట. నేను టీ పెట్టడానికి వెళ్లిందనుకునేవాణ్ని.

అయినా గొంతు పెద్దదే, ఆ మాట మీద నేను ఉన్నాను.

ఈ చర్చ ఆవిడకు చూపించాను. తనకు కాడ మైకు ఉన్న తీగ హెడ్‌సెట్ కావాలంది. నన్ను మాత్రం ఒక చెవి మూసి రెండో చెవి వదిలేసేది కొనుక్కోమంది, నా అరుపు నాకే వినబడాలట. ఒంటి చెవివి దొరుకుతాయా?

పటమట:
దొరుకుతాయి. బ్లూటూత్‌వి.

తీగే మేలు:
తీగతోనూ దొరుకుతాయి.