ఫిల్, క్యామెరాన్ సడ్డకులా, తోడల్లుళ్ళా?

ప్రశ్న (నల్లగొండ నుండి): సభ్యులందరికీ నమస్కారం. మా ఇంటిలో రాత్రి భోజనాల తరువాత 'మోడర్న్ ఫ్యామిలీ' అనే అమెరికా హాస్య ధారావాహికను స్ట్రీమింగ్‌లో చూస్తున్నాము. ఇంగ్లీషు రాని మా అమ్మకు కథ చెప్పే పని నాది. ఆమె హాస్యం సంగతి అడగదు, వరసలు అడుగుతుంది. జే అనే పెద్దాయనకు క్లేర్ కూతురు, మిచెల్ కొడుకు. క్లేర్ భర్త ఫిల్. మిచెల్ పెళ్ళాడినది క్యామెరాన్ అనే మగవానిని. ఫిల్‌కు మిచెల్ బామ్మర్ది అని చెప్పగానే ఒప్పుకున్నది కాని, "మరి ఆ క్యామెరాన్ ఏమైతడు, సడ్డకుడా?" అని అడిగితే నాకు జవాబు తోచలేదు. ఇంగ్లీషు వారికి ఇద్దరూ 'బ్రదర్ ఇన్ లా'లే కనుక వారికి ఈ చిక్కు లేదు. పెద్దలు చెప్పగలరు.

సమాధానం (నారాయణపేట నుండి): అమ్మగారి ప్రశ్న మన నిఘంటువులకే పరీక్ష పెట్టినట్టున్నది. సడ్డకుడు, తోడల్లుడు అనే రెండు మాటలకూ నిఘంటువులు ఒకే అర్థం ఇస్తాయి: భార్య అక్కకో చెల్లెలికో భర్త. ఇంతకాలం ఆ రెండింటినీ వేరు చేసి చూడవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పుడు వచ్చింది.

తోడల్లుడు అనే మాటను విడదీసి చూడండి. తోడు, అల్లుడు అంతే. ఒకే మామగారికి తోటి అల్లుడని భావం. ఆ మాటలో భార్య లేదు, మరదలు లేదు, ఉన్నది మామగారి గడప మాత్రమే. జే గడపకు ఫిల్ పెద్దల్లుడైతే, అయిదవ సీజన్ చివర పెళ్ళి జరిగిన తరువాత క్యామెరాన్ చిన్నల్లుడు. కనుక మాట నిర్మాణాన్ని బట్టి వారిద్దరూ నిస్సందేహంగా తోడల్లుళ్ళే. సడ్డకుడు అట్లా విడిపోయే మాట కాదు. మా మక్తల్ దాటి కృష్ణ వైపు వెళ్తే కన్నడ కుటుంబాలలో షడ్డక అంటారు, మరాఠీలో సాడూ, హిందీలో సాఢూ అంటారు. ఎక్కడ విన్నా అక్కచెల్లెండ్ర మొగుళ్ళనే అర్థం. ఉర్దూ చదివిన మా పాత తరం వారు దీనినే హమ్‌జుల్ఫ్ అనేవారు. జుల్ఫ్ అంటే కురులు. భార్యల జడలను పట్టుకొని కట్టిన ఇంత అందమైన మాటను క్యామెరాన్‌కు తగిలించడం కష్టం. అందుచేత నా తీర్పు ఇది: వారు తోడల్లుళ్ళు అవుతారు కాని సడ్డకులు కారు.

యారాలు, తోడికోడలు జంటలో ఇటువంటి తేడా ఉన్నదా అని నేను వెతికాను. పాత నిఘంటువులలో ఏరాలు అని కనిపించేదే మన యారాలు. కాని ఆ ధారావాహికలో ఆ వరసకు ఎవరూ లేరు కనుక వదిలేస్తున్నాను.

మరొక సభ్యుడు (వనపర్తి నుండి): పెద్దవారు మన్నించాలి. వరసను మామగారి గడప నుండి కాకుండా పిలుపు నుండి చూడాలని నా అభిప్రాయం. క్యామెరాన్ స్థానంలో మిచెల్‌కు భార్య ఉంటే, ఆమె ఆడిబిడ్డ మొగుడైన ఫిల్‌ను మన ఇండ్లలో అన్న అనే పిలుస్తుంది. సడ్డకులు కూడా ఒకరినొకరు అన్న, తమ్ముడు అనే పిలుచుకుంటారు. ఏ దారిన వచ్చినా క్యామెరాన్ ఫిల్‌కు తమ్ముడే అవుతున్నాడు. ఇక పేరుతో పని ఏమున్నది?

సమాధానం (నారాయణపేట నుండి): మంచి మాట చెప్పినారు తమ్ముడూ, నాకు తట్టలేదు. అయితే మీరు విప్పిన ముడి పిల్లల దగ్గర మళ్ళీ పడుతుంది. తల్లి తమ్ముడు కనుక మిచెల్ క్లేర్ పిల్లలకు మేనమామ. క్యామెరాన్ తండ్రికి తమ్ముడు వరస కనుక చిన్నాయన కావాలి. మేనమామ జోడు కనుక అత్త స్థానం కావాలి. పైగా మిచెల్, క్యామెరాన్ పెంచుకున్న లిలీకి క్లేర్ కొడుకు ల్యూక్ ఒక లెక్కన మేనత్త కొడుకు, అంటే బావ. మరొక లెక్కన పెద్దనాయన కొడుకు, అంటే అన్న. మేనరికం ఉన్న మన వైపు ఇది చిన్న తేడా కాదు, పెండ్లి చేయవచ్చునా కూడదా అన్నంత తేడా. రెండు వైపుల చుట్టరికం కలిసినప్పుడు మన ఊళ్ళలో ముందు నుండి ఉన్న వరసనే నిలబెడతారు. ఇక్కడ ముందుది రక్తసంబంధం. కనుక ల్యూక్ బావే. మిచెల్ మామ కనుక క్యామెరాన్‌ను కూడా మామ అనిపించడమే మేలు.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. తోడల్లుడు అని చెబితే అమ్మ వెంటనే ఒప్పుకున్నది, "ఒక్క ఇంటి అల్లుళ్ళే కదా" అన్నది. కాని నేను తెలివితక్కువగా జే రెండవ భార్య గ్లోరియాకు పుట్టిన జో సంగతి కూడా చెప్పినాను. క్లేర్‌కు తమ్ముడు కనుక వాడు ఆమె పెద్దకూతురు హేలీకి మేనమామ. మేనకోడలు పెద్దపిల్ల అయిన తరువాత పుట్టిన మామ. అమ్మకు అందులో వింత కనిపించలేదు, తన చిన్న మేనమామ కూడా తనకంటే మూడేండ్లు చిన్నవాడట. పదవ సీజన్ చివర హేలీకి కవలలు పుట్టినారని చెప్పగానే మాత్రం లెక్క వేసుకొని, బడికి పోయే ఆ జో అప్పుడే తాత అయినాడని అరగంట నవ్వింది.